కరివేపాకుకు వేసిన ఐరన్ బిళ్ళలు

విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఎండోస్కోపీ గదిలో, నేను ఇరవై ఎనిమిదేళ్లు టెక్నీషియన్‌గా పనిచేశాను. గొంతులోంచి గొట్టం దించి కడుపు లోపల చూసే డాక్టరు పక్కన నిలబడి, గొట్టం అందించి, పేషెంటు తల కదలకుండా పట్టుకుని, "అయిపోయింది, అయిపోయింది" అని అబద్ధాలు చెప్పే ఉద్యోగం అది. నేను అయిపోయిందన్నప్పుడు సాధారణంగా సగం కూడా అయ్యేది కాదు. ఆ అబద్ధాలకు దేవుడు నన్ను క్షమిస్తాడనే నమ్మకం ఉంది. ఒక్కటి మాత్రం నోటితో కాదు, పెన్నుతో ఆడాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఎక్కడ కలిసినా ఆ కథే చెబుతున్నాను. మొదలుపెట్టేటప్పుడు గంభీరంగానే మొదలుపెడతాను, పది మాటలయ్యేసరికి నాకే నవ్వొచ్చేస్తుంది. ఇంతవరకు ఒక్కసారీ తిన్నగా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

మాది ఊళ్లో కిరాణా వ్యాపారం. దుకాణంలో కూర్చోమంటే కూర్చోకుండా, జనం పేగులు చూసే ఉద్యోగంలో చేరానని మా నాన్న వారం రోజులు నా చేతి మంచినీళ్లు ముట్టలేదు. ఆ తర్వాత ఆయనకే కడుపులో పుండు లేచి, మా బల్ల మీదే పడుకుని గొట్టం మింగాల్సి వచ్చింది. లేచి మూతి తుడుచుకుని, "తల బాగానే పట్టుకున్నావురా" అన్నారు. నా ఉద్యోగం మొత్తంలో నాకు దొరికిన పెద్ద ప్రశంస అదే.

ముందుగా ఒక విషయం చెప్పాలి. పైనుంచి దించే గొట్టం అన్నకోశం దాటి చిన్నపేగు మొదట్లోనే ఆగిపోతుంది. కింది నుంచి పంపే గొట్టం పెద్దపేగంతా తిరిగి చిన్నపేగు చివరి కొసను ముట్టుకుని వెనక్కి వస్తుంది. మధ్యలో సుమారు ఇరవై అడుగుల చిన్నపేగు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. అక్కడికి మా గొట్టాలు వెళ్లవు. అందులో కేన్సరు పుట్టడం అరుదు, అరుదు కనుక ఎవరికీ తట్టదు. మొదట్లో అది చూపించే గుర్తులు కూడా అలాంటివే. తిన్నాక కాస్త నొప్పి, నీరసం, రక్తం తగ్గడం, కడుపులో గుడగుడ. మా జిల్లాలో సగం మందికి ఇవన్నీ ఉంటాయి, మిగతా సగానికి ఉన్నాయని అనుమానం. అన్నిటికీ కలిపి మా వాళ్లు పెట్టుకున్న పేరు గేస్.

ఆవిడ కూడా మొదటిసారి గేస్ అనే వచ్చింది.

భోగాపురం వైపు సముద్రం ఒడ్డు ఊరు వాళ్లది. భర్త వేటకు వెళతాడు. ఆవిడ తెల్లారేసరికి చేపల గంపతో ఆటో ఎక్కి విజయనగరం వచ్చి, వీధులు తిరిగి అమ్ముతుంది. యాభై ఏళ్లుంటాయి. మూడు వీధుల అవతలికి వినబడే గొంతు. వెంట తోడికోడలు వచ్చింది, ఆ గొంతు నాలుగు వీధులు. ఇద్దరూ గదిలోకి వచ్చి నిలబడగానే మా గది చిన్నదైపోయింది. ఆవిడ నా నుదుటి బొట్టు, నా చొక్కా, నా చెప్పులు చూసి, "నువ్వు సావుకార్ల అబ్బాయివి కదా" అంది.

అవునన్నాను. అప్పటికి నాకు యాభై దాటాయి, అబ్బాయి అన్నందుకు సంతోషించాను కూడా.

"అయితే సేపలు తినవు" అంది. తిననన్నాను. తోడికోడలి వైపు తిరిగి, "సేపలు తిననోడితో ఏటి మాటాడతామే" అంది. అలా మొదలైంది మా స్నేహం. ఆ రోజు నుంచి నేను సావుకారునే.

మా డాక్టరు గారిది గోదావరి అవతలి జిల్లా. చాలా మంచివారు, చాలా తక్కువ మాట్లాడతారు, నవ్వడం నేను చూడలేదు. ఆయన గొట్టం దించబోతూ ఆవిడ నోట్లోకి చూసి ఆగిపోయారు. అంగిలి మొత్తం తెల్లగా మందంగా ఉంది, మధ్యలో ఎర్ర చుక్కలు. నేను పక్క నుంచి, "అడ్డపొగ సార్" అన్నాను. మా ఒడ్డున కొందరు ఆడవాళ్లు చుట్టను నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని పీలుస్తారు. డాక్టరు గారికి ఇది కొత్త.

"నిప్పు లోపలికా?" అన్నారు.

"మరి బయటికెడితే సముద్రం గాలికి ఆరిపోదేటి బాబూ" అంది ఆవిడ, ఇంత చదువుకుని ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

ఆయన రెండు నిమిషాలు ఆ విషయమే ఆలోచిస్తూ నిలబడ్డారు. గొట్టం దించి చూస్తే కడుపులో ఏమీ లేదు, కానీ అందరి చూపూ అప్పటికే అంగిలి మీద పడిపోయింది. పరీక్షలో రక్తం తక్కువని తేలితే, అది కూడా నోటి జబ్బు తాలూకేమోనని నోటి డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన ముక్క తీసి పరీక్షకు పంపాడు. అదేమీ లేదని తేలేసరికి నెల గడిచింది. ఆ నెలంతా జబ్బు కింద ఎక్కడో ఉంటే, మేమందరం పైన నోట్లోకి చూస్తూ కూర్చున్నాం. చివరికి నులిపురుగులకు మందు, రక్తం పట్టడానికి ఐరన్ బిళ్ళలు రాసి పంపించేశారు. చుట్ట మానమని కూడా చెప్పారు. "సూస్తాను" అంది.

ఆరు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. గొంతు ఒక వీధి తగ్గింది.

"తింతే మెలిపెడతాది సావుకారూ. కాసేపు బుడబుడమంటాది. మళ్లీ ఏటీ నేనట్టే ఉంటాది. తినకపోతే నొప్పి రాదని తినడం మానీసినాను, నడిస్తే ఆయాసం."

రక్తం పరీక్ష చేస్తే ఆరు నెలల క్రితం ఎంతుందో అంతే, ఇంకా కాస్త తక్కువే. ఐరన్ వాడినా రక్తం పెరగలేదంటే అది ఎక్కడో పోతోందన్నమాట. ఈసారి కింది నుంచి గొట్టం వేశారు. దానికి ముందు నింపే ఫారంలో ఒక గడి ఉంటుంది, మలం రంగు ఏమిటని. నల్లగా అవుతోందని ఆవిడ చెప్పింది. మలం నల్లగా అయితే లోపల రక్తం కారుతోందని అనుమానించాలి. అయితే ఐరన్ బిళ్ళలు మింగేవాళ్లకీ నల్లగానే అవుతుంది. అందుకే పక్కన ఇంకో గడి ఉంటుంది, ఐరన్ వాడుతున్నారా అని.

బయట పదిహేను మంది ఉన్నారు. ఒక ముసలాయన ఉపవాసంతో కళ్లు తిరుగుతున్నాయని తలుపు కొడుతున్నాడు. ఆవిడ పాత చీటీ నా ముందే ఉంది, దాని మీద ఐరన్ అని రాసి ఉంది. నేను ఆవిణ్ణి అడగలేదు. ఆవిడ నాకు రెండడుగుల దూరంలో కూర్చుని, మా సిస్టర్‌కి పండుగొప్ప చేప ఎలా వండాలో చెబుతోంది. నేను చీటీ చూసి గడిలో టిక్కు పెట్టేశాను.

పెద్దపేగు శుభ్రంగా ఉంది. డాక్టరు గారు ఫారం చూశారు, నల్ల మలం, ఐరన్ వాడకం, ఎదురుగా టిక్కు. నలుపుకి కారణం దొరికిపోయింది. మోతాదు చాలలేదేమో అని రోజుకు రెండు బిళ్ళలు చేశారు. ఏమీ లేదమ్మా, గేసే అని ధైర్యం చెప్పి పంపించాం. ఆ టిక్కు పెట్టడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. అది తప్పని తెలియడానికి పది నెలలు పట్టింది.

పది నెలల తర్వాత ఆవిడ గంపతో సహా మా ఆసుపత్రికి వచ్చింది. చేపలమ్మే వీధిలోనే కళ్లు తిరిగి పడిపోతే, బేరమాడుతున్న ఇల్లాలు, ఆటోవాడు కలిసి ఆవిణ్ణీ గంపనీ ఒకేసారి ఎత్తి తెచ్చేశారు. క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీద ఆవిడ, పక్క స్ట్రెచర్ మీద గంప. డ్యూటీ డాక్టరు కంగారులో ముందు గంప మీద దుప్పటి తీశాడు. ఆ వాసన మూడు రోజులు పోలేదు. ఆవిడ ఒళ్లు తెల్లగా పాలిపోయింది, చీర రెండు చుట్లు ఎక్కువ తిరుగుతోంది. వెంటనే రక్తం ఎక్కించారు. ఒక సీసా అయ్యేసరికి కళ్లు తెరిచింది, రెండోది అయ్యేసరికి చేపలు ఎవరు తిన్నారని అడిగింది.

మర్నాడు ఉదయం నేను వార్డులోకి వెళ్తే తోడికోడలు నాకోసం ఒక కాగితం పొట్లం పట్టుకుని నిలబడి ఉంది.

"మా అక్క నీకిమ్మంది. నువ్వు సేపలు తినవు కదా, ఏటిస్తాం మరి" అంది.

విప్పి చూస్తే కరివేపాకు. మా దుకాణంలో చిన్నప్పటి నుంచి కరివేపాకు కట్టలు చూసినవాణ్ణి, అలాంటి ఆకు ఎప్పుడూ చూడలేదు. ఒక్కో రెబ్బ బారెడు, ఒక్కో ఆకు నా బొటనవేలంత, నల్లగా నిగనిగలాడుతోంది. ఘాటుకి వార్డులో పక్క మంచం వాళ్లు కూడా తలలు తిప్పారు.

"ఇసకలో ఇంత బాగా ఎలా పెరిగిందమ్మా? ఏటేస్తావు దీనికి" అన్నాను.

"మీ బిళ్ళలే" అంది ఆవిడ మంచం మీద నుంచి.

"ఏ బిళ్ళలు?"

"ఎర్ర బిళ్ళలు. రక్తం పడతాదని ఇచ్చినారు కదా, అయ్యి. రెండు మింగినాను, కడుపులో తిప్పేసి, నోరంతా తుప్పు వాసన. మింగలేక ఒగ్గీసినాను. డబ్బులెట్టి కొన్నయ్యి పారీబుద్ధి కానేదు. కరేపాకు మొదల్లో ఇనప మేకు పాతితే సెట్టు నల్లగా వస్తాదని మా అత్త సెప్పేది. మీ బిళ్ళల్లో ఉన్నాది ఇనుమే కదా. రోజుకొకటి ఏసినాను. డాట్రుబాబు రెండు సెయ్యమంటే రెండేసినాను."

"ఒక్క పూట తప్పనేదు బాబూ" అంది తోడికోడలు. "మా అక్క ఊళ్లో నేకపోతే నానేసీదాన్ని."

నాకు నవ్వు ఆగలేదు. పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయి, కడుపు పట్టుకుని నవ్వాను. డాక్టరు గారు మోతాదు పెంచింది కరివేపాకు మొక్కకన్నమాట. సిస్టర్ ఇంజెక్షను పక్కన పెట్టి మరీ నవ్వింది. ఆవిడ మాత్రం మేమెందుకు నవ్వుతున్నామో తెలియక మా ఇద్దరి మొహాలూ చూస్తోంది.

నవ్వుతూ నవ్వుతూ నేను ఆగిపోయాను. 

"అమ్మా, నువ్వు బిళ్ళలు మింగలేదా? రెండే మింగావా?"

"రెండే."

"మరి దొడ్డికి నల్లగా అవుతోందన్నావు?"

"అవుతాది. ఇప్పుడు కూడా. తారు లాగ." ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "బిళ్ళలు తిన్నది సెట్టు కదా. నాకెందుకు నలుపు?" అంది.

ఏడాదిన్నరగా ఇంతమంది చదువుకున్నవాళ్లం వేసుకోని ప్రశ్న అది. ఆవిడ మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని అడిగేసింది.

నేను కరివేపాకు పొట్లంతోనే పరుగెత్తాను. డాక్టరు గారు పేషెంటును చూస్తున్నారు. తలుపు కొట్టకుండా లోపలికి వెళ్లి, కరివేపాకు బల్ల మీద పెట్టి, అంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. టిక్కు పెట్టింది నేనేనని, అడగకుండా పెట్టానని కూడా చెప్పాను. ఆయన కరివేపాకు వైపు చూశారు, నా వైపు చూశారు. ఆ తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. అన్నేళ్లలో మొదటిసారి ఆయన నవ్వడం చూశాను. శబ్దం లేకుండా, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఎదురుగా ఉన్న పేషెంటు భయపడి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

కాసేపటికి కళ్లజోడు పెట్టుకుని ఫైలు తెప్పించారు. నా టిక్కు మీద వేలు పెట్టి, "ఇది మీరు పెట్టారు. అడక్కుండా నమ్మింది నేను" అన్నారు. అంతకుమించి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. "పైన ఏమీ లేదు. కింద ఏమీ లేదు. రక్తం మాత్రం పోతోంది. అంటే మధ్యలో ఉంది" అన్నారు.

మధ్యలో ఉన్నది చిన్న రక్తనాళం కావచ్చు, పుండు కావచ్చు, క్షయ కావచ్చు, కేన్సరు కావచ్చు. కేన్సరే అయితే అది ఇంకా ఉన్నచోటే ఉందా, పాకిందా అన్నదే ఆవిడ ప్రాణం. స్కానింగ్ తీశారు. ఒకచోట పేగు కాస్త మందంగా ఉందేమో, ముడుచుకుని ఉన్నందుకు అలా కనబడుతోందేమో అని రాసిచ్చారు. ఉందని కాదు, లేదని కాదు. చివరికి కెమెరా బిళ్ళ మింగించాలని నిర్ణయించారు. మా ఆసుపత్రిలో అదే మొదటిసారి. విశాఖపట్నం నుంచి ఒకాయన దాన్ని పెట్టెలో పెట్టుకుని, ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాడు.

ఆ బిళ్ళ ద్రాక్షపండంత ఉంటుంది. లోపల కెమెరా, దీపం, బ్యాటరీ. మింగితే పేగుల్లో జారుతూ ఎనిమిది గంటలు ఫొటోలు తీస్తుంది, నడుముకు కట్టిన పెట్టెలో అవి చేరతాయి. రెండు మూడు రోజుల్లో దానంతటదే బయటికి వచ్చేస్తుంది. ఇదంతా డాక్టరు గారు ఆవిడకు ఓపిగ్గా చెప్పారు. ఆవిడ బిళ్ళను వెలుతురులోకి ఎత్తి చూసి, "దీన్నైనా నాను మింగాలా, సెట్టుకేసీమంటావా బాబూ" అంది.

"మీరే మింగాలి. నేను ఇక్కడే నిలబడి చూస్తాను" అన్నారాయన.

ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. పేగులో ఎక్కడైనా ఇరుకు ఉంటే బిళ్ళ అక్కడ చిక్కుకుపోవచ్చు, అప్పుడు ఆపరేషన్ చేసి తియ్యాలి. ఆవిడ నవ్వు ఆపింది.

"ఇరుక్కుంటే కోస్తారు. ఇరుక్కోకపోతే మళ్లీ ఏటీ నేదని పంపీస్తారు. అంతే కదా? నాకు కోస్తే బయం నేదు బాబూ. ఏటీ నేదంటేనే బయమేస్తాది. ఏడాదిన్నర బట్టి అదే సెప్తన్నారు. నాను రోజు రోజుకీ అరిగిపోతన్నాను."

 తోడికోడలు గ్లాసుతో నీళ్లు అందించింది. ఆవిడ కళ్లు మూసుకుని బిళ్ళను ఒక్క గుక్కలో మింగేసింది. మొదటి ఫొటో నా మొహమట, ఒళ్లో పెట్టె తెచ్చినాయన తర్వాత చూపించాడు. నోరు తెరుచుకుని ఉన్నాను.

ఆ రోజు మా ఆసుపత్రిలో పని జరగలేదు. నడిస్తే బిళ్ళ బాగా కదులుతుందని చెప్పాం కదా, ఆవిడ ఎనిమిది గంటలు వరండాలో నడిచింది. నడుముకు పెట్టె, పెట్టె మీద మిణుకుమనే దీపం. కనబడిన ప్రతి పేషెంటునీ ఆపి, "నా కడుపులో పొటోలు తీస్తన్నారు, పక్కకి జరుగు" అని చెప్పింది. దీపం వెలిగినప్పుడల్లా నవ్వాలా అని నన్ను అడిగింది. లోపల నవ్వితే చాలన్నాను. మధ్యాహ్నానికి వేటనుంచి వచ్చిన భర్త ఫోను చేశాడు. ఏం చేస్తున్నావని అడిగి ఉంటాడు. "సినిమా తీస్తన్నారు, ఫోనెట్టీ" అంది.

మర్నాటి నుంచి బిళ్ళ కోసం ఎదురుచూపు. అది బయటికి వచ్చిందో లేదో కనిపెట్టే బాధ్యత తోడికోడలు తీసుకుంది. ఎంత వద్దన్నా వినలేదు. రోజూ ఉదయం మా కౌంటరుకి ఫోను చేసి, ఒడ్డున చేపల వేలంపాట అరుపుల మధ్యలోంచి, "రానేదు" అని ఒక్క మాట చెప్పి పెట్టేసేది. మూడో రోజు రానేదు. అయిదో రోజు రానేదు. వార్డులో సిస్టర్లు గుడ్ మార్నింగ్ మానేసి "వచ్చిందా?" అని పలకరించుకోవడం మొదలుపెట్టారు. క్యాంటీన్ వాడు కూడా అడిగేవాడు, ఏమిటన్నది తెలియకుండానే. ఎనిమిదో రోజు తోడికోడలు కాస్త ఎక్కువ మాట్లాడింది. "మా ఊరి పడవలోళ్లు కూడా అడుగుతన్నారు బాబూ. ఏటి సెప్పీది?"

ఫొటోల్లో ఏముందంటారా? డాక్టరు గారు రెండు సాయంత్రాలు కూర్చుని చూశారు. మొదటి మూడు గంటలు గులాబీ రంగు గోడలు చక్కగా జారిపోయాయి. ఆ తర్వాత అయిదు గంటలు ఒకటే బొమ్మ, నల్లటి బురద నీళ్లు. కెమెరా కదలడం లేదు. అది ఎక్కడుందో, ఎందుకు ఆగిందో ఫొటోల్లో తెలియదు. నెమ్మదిగా కదిలే పేగులుంటాయి, బ్యాటరీ అయిపోయాక జారిపోయీ ఉండొచ్చు. తోడికోడలి కన్ను కప్పి వెళ్లిపోయిందేమో అని కూడా అనుకున్నాం. ఆ మాట ఫోన్లో అంటే ఆమె పావుగంట తిట్టింది.

రెండు వారాలు చూసి ఎక్స్‌రే తీశారు. ఫిలిం లైటు మీద పెట్టగానే కనబడింది. పొట్టలో ఎడమవైపు, తెల్లగా, బ్యాటరీలతో సహా, మా బిళ్ళ. అది ఆగి ఉంది. అంటే దాన్ని ఏదో ఆపింది. డాక్టరు గారు నా చెయ్యి పట్టుకుని, "ఉందయ్యా" అన్నారు. నేను "ఉంది సార్, ఉంది" అన్నాను. ఇద్దరం చేతులు పట్టుకుని ఊపుకుంటున్నాం. ఏడాదిన్నర వెతికింది దొరికితే ఎలా ఉంటుందో అలా ఉంది. అప్పుడు తలుపు సందులోంచి బయట బెంచీ మీద కూర్చున్న ఆవిడ కనబడింది, మా చేతులు వాటంతట అవే విడిపోయాయి. ఒక మనిషి కడుపులో గడ్డ ఉందని తెలిసి గెంతులు వేసినవాళ్లం మేమిద్దరమే అయి ఉంటాం.

ఆవిడకు చెప్పాం. ఏడుస్తుందని అనుకున్నాను. నిజంగానే ఏడ్చింది, కానీ నేననుకున్నందుకు కాదు. "ఉన్నాది కదా. నాను సెప్తే నమ్మినారు కాదు. మా ఇంట్లో కూడా నన్ను పనికి దొంగనన్నారు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు నేను ఆ టిక్కు సంగతి చెప్పేశాను. పది నెలల క్రితం ఒక్క మాట అడిగి ఉంటే అప్పుడే ఇదంతా చేసేవాళ్లమని చెప్పాను. ఆవిడ కొంగు దించి నా వైపు చూసింది. "నువ్వు అడగనేదు. నాను సెప్పనేదు. డాట్రు తిడతాడని బయమేసింది. సగం నీది, సగం నాది" అంది. తప్పును కూడా ఆవిడ వాటాలు వేసి పంచేసింది. నా వాటా బరువు నాకు తెలుసు.

ఆపరేషన్ జరిగింది. నేను లోపల లేను, డాక్టరు గారు ఉన్నారు. సర్జను గారు పేగును చేత్తో తడుముతూ వెళ్లగా, మొదలు నుంచి రెండు మూడడుగుల దూరంలో, పేగు చుట్టూ ఉంగరంలా ఒక గడ్డ తగిలింది. దాని వెనకే మా బిళ్ళ కూర్చుని ఉంది. రెండింటినీ కలిపి, పక్కనున్న కొవ్వు, గ్రంథులతో సహా తీసేసి పేగును అతికించారు. మత్తు దిగాక ఆవిడ అడిగిన మొదటి మాట, "దొరికిందా?" తోడికోడలు, "దొరికినాది అక్కా, నీ బిళ్ళ కూడా దొరికినాది, నా పీడ పోయింది" అంది.

గడ్డను పరీక్షకు పంపారు. పది రోజులు పట్టింది. ఆ పది రోజులు నేను ఎవరితోనూ జోకులు వెయ్యలేదు. అది పేగు గోడ దాటి గ్రంథుల్లోకి పాకి ఉంటే, ఎప్పుడు పాకిందని ఎవరూ అడగరు. నేనొక్కణ్ణే లెక్కపెట్టుకుంటాను. మీరు ఈ ఉద్యోగంలో చేరినప్పుడు గొట్టం ఎలా కడగాలో నేర్పుతారు, ఫారం ఎలా నింపాలో నేర్పుతారు. మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే చీటీ చూసి కాదు, మనిషిని అడిగి నింపమని ఎవరూ చెప్పరు, అంత చిన్న విషయం కదా అని. నేను చెబుతున్నాను. రాసిచ్చారా అని కాదు, మింగావా అని అడగండి. సిగ్గుపడి అవునంటే, బిళ్ళ ఏ రంగులో ఉంటుందని అడగండి.

రిపోర్టు వచ్చిన రోజు ఆవిడ, భర్త, తోడికోడలు, ఇంకా ఆటోలో పట్టినంతమంది వచ్చారు. డాక్టరు గారి గదిలో నిలబడడానికి చోటు లేదు. ఆయన కాగితం రెండుసార్లు చదివారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"కేన్సరేనమ్మా" అన్నారు.  "కానీ పేగు గోడ దాటలేదు. పక్కన తీసిన గ్రంథులన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఉన్నదంతా తీసేశాం. అప్పుడప్పుడు వచ్చి పరీక్షలు చేయించుకోండి, అంతే."

ఆవిడ భర్త, అంతవరకు ఒక్క మాట మాట్లాడని మనిషి, కుర్చీ లేకుండానే కూర్చోబోయి నేల మీద కూలబడ్డాడు. ఇద్దరు ఎత్తి నిలబెట్టారు. తోడికోడలు డాక్టరు గారికి దణ్ణం పెట్టి, నాకు పెట్టి, గోడ మీదున్న పేగుల బొమ్మకు కూడా పెట్టింది. ఆవిడ ఒక్కర్తే తాపీగా ఉంది.

"గంప ఎప్పుడెత్తీది?" అంది.

"ఆరు నెలల దాకా బరువు ఎత్తకూడదు" అన్నారు డాక్టరు గారు.

"ఆరా? ఒక నెల."

"అమ్మా, ఇది బేరం కాదు."

"మరేటి. నువ్వు ఆరన్నావు, నాను ఒకటన్నాను."

"నాలుగు సెయ్యండి బాబూ" అంది తోడికోడలు మధ్యలో దూరి. "మా అక్క ఊరుకోదు."

"సరే, నాలుగు" అన్నారాయన. అనేశాక తనేమన్నారో ఆయనకే ఆశ్చర్యం వేసింది.

"రెండు" అంది ఆవిడ.

"మూడు. ఇక తగ్గేది లేదు."

ఆవిడ లేచింది. బేరం కుదరనప్పుడు కొనేవాళ్లు చేసే పని రోజూ చూసిన మనిషి కదా, వెనక్కి తిరక్కుండా గుమ్మం వైపు నెమ్మదిగా నడిచింది. ఒక అడుగు, రెండడుగులు. గుమ్మం దగ్గర ఆగి చెప్పు సరిచేసుకుంది. గోదావరి అవతల పుట్టి, మెడిసిన్ మీద మెడిసిన్ చదివిన మా డాక్టరు గారు వల్లో పడిపోయారు.

"ఆగండి. రెండున్నర. అదీ సగం గంప" అన్నారు.

ఆవిడ తిరిగొచ్చి కూర్చుంది. "రాయి" అంది. ఆయన ఫైలు తెరిచి, రెండున్నర నెలల తర్వాత సగం గంప అని నిజంగానే రాశారు. గదిలో నవ్వు ఎంత గట్టిగా లేచిందంటే బయట లైన్లో ఉన్నవాళ్లు తలుపు తోసి చూశారు. నేనూ నవ్వుతున్నాను. నెల క్రితం ఈ మనిషికి రెండున్నర నెలలు ఉన్నాయో లేవో మా ఇద్దరికీ తెలియదు. ఇప్పుడు ఒక పదిహేను రోజుల కోసం డాక్టరును కూర్చోబెట్టి పీడించింది. నవ్వుతున్న నాకు ఎప్పుడు ఏడుపు వచ్చిందో తెలియలేదు, చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటుంటే ఆవిడ చూసేసింది.

"ఏడుస్తావేటి సావుకారూ" అంది. "బేరంలో పోయినయ్యి నా పదిహేను రోజులు గానీ నీయి కాదు కదా. పోనీ, నాకింకా సానా ఉన్నాయి."